అడుగు పడ్డాకే దెబ్బ

ఏప్రిల్ 17

ఈరోజు ప్లాస్టర్ తీశారు. నలభై రెండు రోజుల తర్వాత నా ఎడమచేయి నాకు కనబడింది. చూసి గుర్తుపట్టలేకపోయాను. సన్నగా, తెల్లగా, ఎవరో ఆఫీసులో కూర్చునే మనిషి చేయిలా ఉంది. ఇరవై రెండేళ్ళు డోలు కొట్టి సంపాదించుకున్న కాయలన్నీ పొలుసులుగా ఊడి ఆసుపత్రి బల్ల మీద రాలిపోయాయి. కాంపౌండరు వాటిని గుడ్డతో తుడిచి బుట్టలో వేశాడు. అడగకుండా వేశాడు.

ఎముక అతుక్కుంది, వేళ్ళు బిగుసుకున్నాయి, కదిలిస్తూ ఉండు అని డాక్టరు హిందీలో చెప్పాడు. డోలు ఎప్పుడు కొట్టవచ్చని అడిగాను. పది పన్నెండు రోజులు దాని జోలికి పోవద్దన్నాడు. మే 3న, మా పెళ్ళి ఆటలను ముందుండి నడిపించే హుంగే అవ్వ మనవడి పెళ్ళి. ఆ సంగతి డాక్టరుకు చెప్పినా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చింది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే. నది అవతల తెలుగు రాష్ట్రంలో హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా వెలగబెట్టాను. నా భార్య రేణుకకు చదువు రాదు. కూతురు ప్రశాంతిది ఇక్కడి హిందీ స్కూలు. కాబట్టి ఇందులో నిర్భయంగా నిజాలు రాసుకోవచ్చు.

మొదటి నిజం: నా చేయి విరగడానికి కారణం గేదె. బండికి అడ్డం వచ్చింది.

ఏప్రిల్ 18

రామనర్సయ్య మామ వచ్చాడు. మా డోలు బృందానికి పెద్ద ఆయనే. నాకు డోలు నేర్పిందీ ఆయనే.

"అల్లుడా, చెయ్యి నీ మాట వింటున్నదా?"

"వింటది మామా."

"ఏదీ, పిడికిలి పట్టు."

పట్టాను. సగం దాకా వచ్చి ఆగింది. మామ మా ఇంటి కప్పును చాలాసేపు పరిశీలించాడు.

"హుంగే ఇంటి పెండ్లిల పెద్ద డోలు ఎవల మెడల ఉంటదో, ఈ సీజన్ మొత్తం వాని మెడలనే ఉంటది. నీకు ఎరికే గద. నీతోని కాకుంటే సంజయ్‌కు ఇస్త."

సంజయ్‌కి ఇరవై నాలుగేళ్ళు. మా బృందంలో కుర్రవాడు, బాగా కొడతాడు. మర్యాదస్తుడు. తిట్టుకోవడానికి ఒక్క కారణం కూడా ఇవ్వడు.

నాకు పెద్ద డోలు పోతే ఏం మిగులుతుంది? రెండెకరాల పొలం ఉంది, అది నన్ను ఎన్నడూ మెచ్చుకోలేదు.

ఏప్రిల్ 19

ప్రశాంతికి బడి ఛుట్టీలు. తొమ్మిదో తరగతి అయిపోయింది. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"బాపూ, వేళ్ళు ఆడియ్యమన్నడు గద డాక్టరు. గిది ఆడు."

ఫోన్లో నాలుగు గీతల మధ్య పైనుంచి రంగు బిళ్ళలు రాలుతుంటాయి. పాట వస్తుంటుంది. కింద అడ్డంగా ఒక గీత. బిళ్ళ ఆ గీతకు తగిలినప్పుడు వేలితో తట్టాలి. సమయానికి తడితే పర్ఫెక్ట్ అంటుంది, ఆలస్యమైతే లేట్ అంటుంది, తట్టకపోతే మిస్ అంటుంది. పాట అయిపోయాక నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది.

నాకు నవ్వొచ్చింది. "బిడ్డా, ఇరవై రెండేండ్లు డోలు కొట్టినోణ్ణి. ఇది నాకొక లెక్కనా? డోలు వచ్చినోనికి ఇది పుట్టుకతోనే వస్తది" అన్నాను. పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా అన్నాను. ఇప్పుడు అదే బాధ.

నూటికి పంతొమ్మిది.

స్క్రీన్ మీది గాజు పగిలి ఉంది. దానివల్లే.

ఏప్రిల్ 20

ఇరవై ఒకటి. మా దగ్గర నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు.

దీనికి నెట్‌వర్క్ అక్కర్లేదని ప్రశాంతి చెప్పింది.

ఏప్రిల్ 21

కుడిచేత్తో ఆడాను. ఇరవై రెండు. కుడిచేయి విరగలేదు. ఈ సంగతి మీద ఇంకేమీ రాయదలుచుకోలేదు.

ఏప్రిల్ 22

ప్రశాంతికి తొంభై ఆరు. సరే, పిల్ల, రోజూ ఆడుతుంది. రేణుక చేతులు కడుక్కుని వచ్చి, ఇదేందో చూస్తనని జీవితంలో మొదటిసారి ఆడింది. నలభై ఒకటి. "అన్నం మాడుతది" అని లేచి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు. చూడకపోవడం చాలా శ్రద్ధగా చేసింది.

సాయంత్రం సంజయ్ అరటిపళ్ళు తీసుకుని పలకరించడానికి వచ్చాడు. నేను వద్దు వద్దంటున్నా ప్రశాంతి వాడి చేతిలో ఫోన్ పెట్టింది. డెబ్భై నాలుగు. "నేను మనసుల ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటనే అన్నా. నువ్వు ఎట్ల పెట్టుకుంటవ్?" అని అడిగాడు.

నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఆ మాట వాడితో అనలేదు. అరటిపండు తిన్నాను.

ఏప్రిల్ 24

ఈరోజు నా రోగం ఏమిటో ప్రశాంతి కనిపెట్టింది. పక్కన కూర్చుని రెండు పాటలు చూసి, టీచరమ్మలా చెప్పింది.

"బాపూ, నీవి మిస్సులు గాదు, అన్నీ లేట్. బిళ్ళ గీత మీద పడెదాక చూస్తున్నవ్. పడ్డంక కొడుతున్నవ్. అప్పటికే అయిపోతది. అది ఎట్లాగూ వస్తది గద, చూసుడెందుకు? ముందే లేవాలె వేలు."

చూడకుండా కొట్టడమా? మామ నాకు నేర్పిందే చూడటం. నా పంతొమ్మిదో ఏట మొదటిసారి డోలు మెడలో వేసి, హుంగే అవ్వ మడమలు చూపించాడు. పెళ్ళి ఆటలో ఆడవాళ్ళు చేతులు పెనవేసుకుని వరసగా నడుస్తారు. వరసకు మొదట్లో హుంగే అవ్వ. డోలు ఆమె అడుగు పడ్డాకే పలకాలి. ముందు పలికితే వరసను తరిమినట్టు. వరసలో ముసలమ్మలు ఉంటారు, కడుపుతో ఉన్నవాళ్ళు ఉంటారు, వీపున పిల్లను కట్టుకున్నవాళ్ళు ఉంటారు. వరస మలుపు తిరిగేటప్పుడు చివరివాళ్ళు పెద్ద అడుగులు వేయాలి, వాళ్ళు అందుకునేదాకా అవ్వ ఆగుతుంది. ఆమె ఆగితే డోలు ఆగాలి. "అడుగు పడ్డాకే దెబ్బ. ఆమె కాలు గాలిల ఉంటే నీ చెయ్యి గూడ గాలిలనే" అనేవాడు మామ. ఆరు నెలలు నా కళ్ళు ఆ మడమల మీదే. ఆమె ముఖం ఎలా ఉంటుందో కూడా రెండో ఏడాదికి గానీ సరిగ్గా చూడలేదు.

అంటే నాకు ఈ ఆట రాకపోవడానికి కారణం నేను మంచి డోలువాణ్ణి కావడమే. ఎంత హాయిగా ఉంది ఈ మాట రాస్తుంటే! ఇక్కడితో ఫోన్ ప్రశాంతికి ఇచ్చేసి ఊరుకోవాలి. తెలివిగలవాడైతే అదే చేస్తాడు.

ఏప్రిల్ 25

ముప్పై ఏడు.

వేళ్ళ కోసమే ఆడుతున్నాను.

ఏప్రిల్ 26

నలభై ఎనిమిది. రేణుకను దాటాను. ఆమెకు చెప్పాను. "నేను ఇంకోసారి ఆడాల్నా?" అంది. వద్దన్నాను.

ఏప్రిల్ 28

అరవై ఆరు. కిటుకు దొరికింది. బిళ్ళల వైపు చూడకూడదు. లోపల ఒకటి రెండు మూడు నాలుగు అనుకుంటూ ఉండాలి, వేలు దానంతట అది లేస్తుంది. అన్నం తింటూ కంచం మీద సాధన చేశాను.

"కంచం ఉన్నది తినేటందుకు" అంది రేణుక.

పిడికిలి పూర్తిగా పడుతోంది. ఆట పుణ్యమే. వేళ్ళు ఇంత చురుగ్గా విరగకముందు కూడా లేవు.

ఏప్రిల్ 30

ఎనభై ఎనిమిది! మామ ఇంటికి వెళ్ళి డోలు అందుకున్నాను. రెండు నెలల తర్వాత మెడకు ఆ బరువు తగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండ అని చెప్పాను. కుడిచేతిలో పుల్ల, ఎడమ అరచేయి. కొట్టాను. గడియారం ముల్లు నడిచినట్టు పోయింది. ఒక్క దెబ్బ అటూ ఇటూ లేదు. ఇంత శుభ్రంగా నేను ఎన్నడూ కొట్టలేదు.

మామ కళ్ళు మూసుకుని విన్నాడు. "చెయ్యయితే వచ్చింది" అన్నాడు చివరికి. పెద్ద డోలు నాకే అన్నాడు.

ఆ 'అయితే' ఏమిటో అడగలేదు. మెచ్చుకోలు మాటే అయి ఉంటుంది.

మే 2

తొంభై ఏడు!! ప్రశాంతిని దాటాను. నలభై ఒక్కేళ్ళ మనిషి పదిహేనేళ్ళ కూతుర్ని ఓడించి ఇంటి చుట్టూ తిరిగాడు. ఆ మనిషిని నేనే. డోలు వచ్చినవాడికి ఈ ఆట వస్తుందని నేను మొదటే చెప్పాను కదా.

మే 3

తర్వాత రాస్తాను.

మే 4

తర్వాత అంటే ఎప్పుడో ఒకప్పుడు రాయాలి కదా. రాస్తాను.

మొదటి చుట్టు బాగానే నడిచింది. వరస నిండా జనం, పందిరి కింద పచ్చి ఆకుల వాసన. చేయి నొప్పి లేదు. నేను కొడుతున్న ప్రతి దెబ్బకూ కళ్ళ ముందు పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ అని పడుతోంది. ఎవరి మడమల వైపూ చూడలేదు. చూసే పనేముంది? లోపల లెక్క నడుస్తోంది.

రెండో చుట్టులో పందిరి మూల దగ్గర వరస మలుపు తిరిగింది. హుంగే అవ్వ చివరివాళ్ళ కోసం అడుగు ఆపింది. నేను ఆపలేదు. వెనక వీపున పిల్లతో ఉన్న భీమే అనే ఆమె నా దెబ్బకు అడుగు వేయబోయి ముందామె కాలు తొక్కింది. ఇద్దరూ తూలారు. పిల్ల ఏడ్చింది. వరస ఆగిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ ఆగిపోయాక నేను ఇంకా ఐదు దెబ్బలు కొట్టాను. లెక్క పూర్తి కాలేదు మరి. అంత పెద్ద వాకిట్లో, అంతమంది నిలబడిపోయి చూస్తుంటే, ఐదు దెబ్బలు. ఒక్కొక్కటీ పర్ఫెక్ట్.

హుంగే అవ్వ వరస వదిలి నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో తమ దోర్లీ భాష మాట్లాడినా నాతో ఎప్పుడూ తెలుగే. డోలు మీద అరచేయి పెట్టింది.

"వీరూ, నిన్నెవలన్న తరుముతున్నరా బిడ్డా?"

తిట్టినా బాగుండేది. ఆమె నిజంగానే అడిగింది. నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూసింది కూడా. అప్పుడు జనం నవ్వారు. సంజయ్ నవ్వలేదు. మెల్లగా వచ్చి నా మెడలోంచి డోలు తీసుకున్నాడు. "చెయ్యి నొస్తున్నట్టున్నది అన్నకు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. నా పరువు కాపాడటానికి. వీణ్ణి తిట్టుకోవడానికి ఇంకా కారణం దొరకడం లేదు.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాసేస్తాను. గేదె లేదు. మార్చి 6న మొదటి ఇప్పపువ్వు ఏరుకొచ్చి వాకిట్లో ఎండబోశాము. నేనే పరిచాను. "చెప్పులతోటి దాని మీదికెల్లి నడువకు, జారుతవ్" అంది రేణుక. నేను డోలు కొట్టేవాణ్ణి, నా కాళ్ళు నాకు తెలియవా అన్నాను. నాలుగో అడుగుకు పడ్డాను. గేదెను అప్పటికప్పుడు సృష్టించాను. పాపం, రేణుక రెండు నెలలుగా అందరికీ ఆ గేదె కథే చెబుతోంది.

మే 5

ఏమీ లేదు.

మే 6

ఆటలో ఏదో బహుమతి వచ్చిందని ఫోన్ చెప్పింది. ఆడాను. తొంభై ఎనిమిది. చెప్పడానికి ఎవరూ లేరు. రేణుక, ప్రశాంతి బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి వెళ్ళారు.

మే 8

ఆకు కట్టలు కట్టడానికి నన్నూ కూర్చోబెట్టారు. యాభై ఆకులకు ఒక కట్ట. నేను కట్టినవి సరిగ్గా ఒకేలా ఉన్నాయి. లోపల లెక్క ఆగడం లేదు. పళ్ళు తోముకుంటున్నా ఒకటి రెండు మూడు నాలుగు. నడుస్తున్నా అదే. రేణుక మాట్లాడుతుంటే ఆమె మాట పూర్తయ్యేలోపే నేను తలూపుతున్నానట.

"నేను చెప్పేది ఇంక రానేలేదు, నువ్వు ఊ అంటున్నవ్" అంది.

భయం వేసింది. విరిగిన ఎముక అతుక్కుంటుందని డాక్టరు చెప్పగలడు. ఇది అతుక్కుంటుందని ఎవరు చెబుతారు?

మే 9

మామ దగ్గరికి వెళ్ళాను. గేదె సంగతితో మొదలుపెట్టి ఫోన్ ఆట దాకా అన్నీ చెప్పాను. గేదె సంగతి ఆయనకు ముందే తెలుసట. ఊరంతటికీ తెలుసట.

"ఆ దినం నువ్వు కొట్టినప్పుడే అనుకున్న. చెయ్యి వచ్చింది, కండ్లు రాలే అని" అన్నాడు.

"అప్పుడే చెప్పొద్దా మామా?"

"చెప్తె వినేటోనివేనా?"

మే 19న హుంగే అవ్వ తమ్ముడి కూతురి పెళ్ళి. ఒక్క అవకాశం ఇమ్మని అడిగాను. నలభై ఒక్కేళ్ళ మనిషిని, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను.

"నన్నడిగితే ఏమొస్తది? నడిచేది నేనా? నడిచేటామెను అడుగు. పదిహేడు నాడు పోదాం. అప్పటిదాక ఈ చిన్న డోలు పట్కపో."

మే 11

మా చేతిపంపు ఇంటికి నలభై అడుగుల దూరం. రేణుక రోజూ పొద్దున బిందెలతో ఆరేడుసార్లు తిరుగుతుంది. నేను గడప మీద చిన్న డోలుతో కూర్చుని ఆమె అడుగులకు కొట్టడం మొదలుపెట్టాను.

"నేను నీళ్ళు మోస్తున్ననా, పెండ్లి కూతురునా?" అంది.

"నడువు, నన్ను చూడకు."

"చూస్తలేను. ఊరు చూస్తున్నది."

ఆరుసార్లు తిరిగింది. నేను ఒక్కసారీ ఆమెతో కలవలేదు. ప్రతిసారీ ఆమె కంటే ముందే ఇంటికి చేరాను, కూర్చున్న చోటునుంచే.

మే 13

ఈరోజు ఒక సంగతి చూశాను. నిండు బిందె ఉన్నప్పుడు రేణుక ఎడమ అడుగు కొంచెం ఆలస్యంగా పడుతుంది. గుమ్మం దగ్గరి రాయి ముందు ఒక క్షణం ఆగి, కాలు తడుముకుని, అప్పుడు వేస్తుంది. పదిహేడేళ్ళ నుంచి ఆ రాయి మీదుగా నీళ్ళు తెస్తోంది. ఊరి ఆడవాళ్ళందరి మడమలూ నాకు తెలుసు. మా ఆవిడవి ఈరోజు చూశాను. సిగ్గేసింది.

ఆ రాయి తీసేశాను. తీసినందుకు తిట్టింది. కాలికి అలవాటైపోయిందట. మళ్ళీ పెట్టాను.

మే 14

మూడుసార్లు కలిశాను. లెక్క ఇంకా వినబడుతోంది, కానీ పక్కింట్లో రేడియోలా.

మే 16

నిన్న రెండుసార్లు ఫోన్ ఆడాలనిపించింది. ఆడలేదు. ఒకసారి ఆడాను. పాట మధ్యలో ఆపేశాను. మధ్యలో ఆపినది లెక్కలోకి రాదు.

మే 17

మామతో హుంగే అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆకు కట్టల మధ్య కూర్చుని ఉంది. మామ సంగతి చెప్పాడు. ఆమె నన్నూ నా చేతినీ చూసింది.

"మోకాలు నొస్తున్నదిరా. పది అడుగులే నడుస్త. మంచిగ కొట్టు" అని లేచింది.

వాకిట్లో ఒక్కతే నడిచింది. వరస లేదు, పాట లేదు. నేను పెద్ద డోలు మెడలో వేసుకుని ఆమె మడమల వైపు చూశాను. పగిలిన మడమలు, ఎర్రమట్టి. నా పంతొమ్మిదో ఏట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక అడుగు, ఒక దెబ్బ. రెండు. మూడు. ఆరు దాకా కలిశాను.

ఏడో అడుగుకు కాలు ఎత్తి ఆమె ఆగిపోయింది. పందిరి గుంజ పట్టుకుని, ఒక కాలు గాలిలో పెట్టి నిలబడింది. నా లోపల లెక్క కొట్టు కొట్టు అంది. ఒకసారి అంది, రెండుసార్లు అంది, మూడోసారి అరిచింది. నా అరచేయి గాలిలోనే ఉంది. మా ఇద్దరి మధ్యలోంచి ఒక కోడి తాపీగా నడిచి వెళ్ళింది. మామ దగ్గబోయి ఆపుకున్నాడు. ఎంతసేపో తెలియదు. చేయి విరిగిన చోట సలపడం మొదలైంది. అయినా దించలేదు.

ఆమె కాలు నేల మీద పెట్టింది. అప్పుడు కొట్టాను.

మిగతా మూడు అడుగులూ నడిచి కూర్చుని మోకాలు నొక్కుకుంది. పరీక్ష పెట్టిందో, నిజంగానే మోకాలు పట్టిందో నేను అడగలేదు. మామ వైపు తిరిగి, "పిలగాడు తిరిగొచ్చిండు" అంది.

దారిలో మామ ఒక్క మాటే మాట్లాడాడు. "పెద్ద డోలు నీది. సంజయ్‌ను పక్కన నిలబెట్టుకో. వానికి చెయ్యి ఉన్నది, చూసుడు నేర్పు."

ఇంటికి వచ్చి రేణుకకు చెప్పాను. ఆమె నవ్వి, "అయితే రేపటిసంది నీళ్ళు నువ్వే మోయి" అంది. సంతోషంతో ఏడ్చాను. ఈసారి ఎండ అని చెప్పలేదు.

మే 19, పొద్దున

డోలుకు గుడ్డ చుట్టాను. ఆకుపచ్చ తలపాగా చుట్టుకున్నాను. బయలుదేరబోతుంటే ప్రశాంతి ఫోన్ పట్టుకుని అడ్డం నిలబడింది.

"బాపూ, నీ తొంభై ఎనిమిది మీద ఎవలో తొంభై తొమ్మిది కొట్టిన్రు. ఒక్కసారి ఆడి పో."

ఎవలో కాదు, మా ప్రశాంతే కొట్టి ఉంటుంది. సరే అని తీసుకున్నాను. పాట మొదలైంది. మొదటి బిళ్ళ పైనుంచి దిగుతుంటే, చూస్తున్నాను. నింపాదిగా వస్తోంది. గీత మీద పడింది. పడ్డాక తట్టాను. రెండోది కూడా పడనిచ్చాను. లేట్, లేట్, లేట్ అంటూ ఫోన్ మొత్తుకుంది. పాట అయిపోయింది.

నూటికి పద్నాలుగు.

ప్రశాంతి ముఖం చిన్నబోయింది. "బాపూ, మొత్తం పోయింది" అంది. ఇంత తక్కువ దాని స్నేహితుల్లో ఎవరికీ రాలేదట.

"పోయింది బిడ్డా" అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను. దాని తల నిమిరి ఇది రాయడానికి లోపలికి వచ్చాను.

రేణుక కొత్త చీర కట్టుకుని గుమ్మం దగ్గరి రాయి మీద నిలబడి పిలుస్తోంది. ఆమెను ముందు నడవమంటాను.